ఇయ్యాల నేనేం తిన్ననే అక్కా

నేను ఇరవై ఆరేండ్లు అంగన్‌వాడీ టీచర్‌గ చేసిన. గద్వాలల మా వాడల ఏ పిల్ల ఎంత బరువుందో, ఏ కోడలికి రక్తం తక్కువున్నదో అన్నీ నా రిజిస్టర్ల ఉంటుండె. మా సెంటర్ గోడకు ఒక బొమ్మల చార్టు: పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, జామపండు. బాలింతలకు పథ్యం పెట్టే అత్తలు దొరికితే నేను ఊకునేదాన్ని కాదు. "పప్పు తింటే చీము వడుతదని నీకు ఎవలు చెప్పిండ్రు? ఆ గంజి నువ్వు తాగు, కోడలికి పప్పు పెట్టు" అని మొగం మీదనే అనేదాన్ని. నా నోటికి భయపడి కొందరు సందు మార్చి పోయేటోళ్లు. గంత పేరున్న నేను, నా సొంత చెల్లెకు నాలుగు నెలలు పప్పు పెట్టలేదు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత అంటరు చూడు, గది నా అసుంటోళ్లను చూసే పుట్టి ఉంటది.

అప్పటికి మాది ఇంకా పాలమూరు జిల్లనే. చెల్లె నాకంటే ఆరేండ్లు చిన్నది. మా ఇంటికి నాలుగు సందులవతల దాని ఇల్లు. ఆలుమొగలు ఇద్దరిదీ మగ్గం పనే. తెగిన పోగును చెల్లె వేళ్ల నడుమ మెలేసి అతికితే, ఎక్కడ అతికిందో మళ్ల దానికి కూడ దొరకకపోయేది. రొమ్ముల గడ్డ చేతికి తాకుతున్నదని దానికి ముందే తెలుసట. పెండ్లిండ్ల కాలం, ఒప్పుకున్న చీరలున్నయి, అవి మగ్గం మీదికెళ్లి దిగినంక చూద్దామనుకున్నదట. నాకు చెప్పేసరికి అది నిమ్మకాయంత అయ్యింది. కర్నూల్ల ఒక దవాఖానల ఆపరేషన్ చేసి ఒకదిక్కు రొమ్ము తీసేసిండ్రు.

అమ్మ అప్పటికే లేదు. దానికి తల్లిగారిల్లంటే ఇగ నేనే. దాని పెనిమిటి, అంటే మా మరిది, మగ్గం దిగితే వాళ్ల పొయ్యి వెలగదు. గందుకని "నా దగ్గర ఉంచుకుంట, నువ్వు నీ పని చూసుకో" అని చెల్లెను మా ఇంటికి తోలుకొచ్చిన. దానికీ పిల్లల్లేరు, నాకూ లేరు. నా పెనిమిటి పోయినంక అత్తగారూరు గోపాల్‌పేట నుంచి మళ్ల గద్వాలకొచ్చి, పదకొండేండ్లు నేనొక్కదాన్నే వండుకొని నేనొక్కదాన్నే తిన్న. ఒక్కొక్కనాడు సెంటర్ల పిల్లలతోని మాట్లాడినదే మాట, ఇంటికొస్తే గొంతుకు పనే ఉండకపోయేది. చెల్లె వచ్చినంక రెండు కంచాలు కడిగే పని పడ్డదని లోపల లోపల సంబరపడ్డ. చెప్తే పాపం తగులుతది గని నిజమది. దాని రోగం నాకు తోడైంది.

మరి ఊరికి వద్దన్న పథ్యం నా ఇంట్ల ఎందుకు పెట్టిననంటే, మా నాయిన. నాకు పదేండ్లప్పుడు ఆయన కాలికి మగ్గం గుంతల దెబ్బ తాకి పుండైంది. ఆ పుండుతోనే ఒక పెండ్లికి పోయి కడుపునిండ పప్పన్నం తిన్నడు. వారం తిరగకముందే కాలు చీము పట్టింది, నెల తిరగకముందే మనిషి పోయిండు. అమ్మ సచ్చేదాక ఆ పప్పును తిట్టింది. సెంటర్ల నేను చెప్పే పాఠమంత నిజమే, నాకు తెల్వదా? గని చెల్లె ఛాతి మీద జానెడు కోత చూసిననాడు నాకు చార్టు యాదికి రాలేదు, నాయిన కాలు యాదికొచ్చింది. పప్పు చీము, గుడ్డు వేడి, వంకాయ దురద, పెరుగు చలువ. అన్నీ బంద్. పాత బియ్యం మెత్తగ వండి, ఎల్లిపాయ కారం, మిరియాల చారు, నాలుగు రోజులకొకసారి బీరకాయ. పుండు చుక్క చీము లేకుండ మానింది. ఇగ నన్ను పట్టేటోళ్లెవరు? "అమ్మ మాట ఊకెనే పోతదా" అని నలుగురికి చెప్పుకున్న.

పుండు మానినంక సూదిమందు మొదలైంది. మూడు వారాలకొకటి, మొత్తం ఆరు. డాక్టర్ సారు నెమ్మదస్తుడు. "ఏం పని చేస్తవమ్మా?" అని నన్నడిగిండు. అంగన్‌వాడీ టీచర్ని సార్ అంటే, "అయితే తిండి సంగతి నీకు నేను చెప్పేదేమున్నది" అన్నడు. అంటూనే చెప్పిండు. ఈ మందు గడ్డనొక్కదాన్నే చంపదట. ఒంట్ల ఏదేది తొందరగ పెరుగుతదో దాన్నంత కొడుతదట. నోటి లోపలి పొర, పేగులు, వెంట్రుకలు, రక్తం పుట్టే చోటు. అవి మళ్ల పుట్టాలంటే ఒంటికి సరుకు కావాలె: ఇనుము, మాంసకృత్తులు, ఫోలిక్ యాసిడ్, బి పన్నెండు. వాంతులైతయి, తిన్నది ఒంటబట్టదు, ఉన్న నిల్వ తరిగిపోతది, గందుకే మామూలు మనిషికంటే ఎక్కువ పెట్టాలె అన్నడు. నేను తలూపిన. నేను తల్లులకు చెప్పే పాఠమే నాకు చెప్తున్నడని జర నవ్వుకున్న కూడ. ఇంటికొచ్చి మళ్ల ఎల్లిపాయ కారమే పెట్టిన. పైకి మానింది గని లోపల పచ్చిగనే ఉండొచ్చు, ఆరు సూదులు అయిపోయేదాక ఆగుదామనుకున్న. లంఖణం పరమౌషధం అని అమ్మ అనేది.

మొదటి సూదికి చెల్లె జుట్టంత ఊడింది. రెండో సూదికి పోతే రక్తం తక్కువుందని వారం ఆపి వేసిండ్రు. అప్పుడు సారు నాతోని, "ఒక నోటుబుక్కు పెట్టమ్మా. రోజు ఏం తింటున్నదో రాసి పట్టుకొనిరా, దాన్ని చూసి ఏం తక్కువైతున్నదో నేను పట్టుకుంట. ఈ సూదులు ఆగొద్దు. మనం ఆగితే రోగం ఆగదు" అన్నడు.

నాకు రాసుడు కొత్తనా? బజార్ల పెద్ద నోటుబుక్కు కొన్న. స్కేలు పెట్టి గీతలు కొట్టిన. తేది, పొద్దున, పగలు, మాపటికి. మొదటి రోజు ఉన్నదున్నట్టు రాసిన: అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల చారు. రాసినంక చూసుకుంటే సిగ్గైంది. ఒక అంగన్‌వాడీ టీచర్ తన చెల్లెకు గిది పెడుతదా? సారు ఏమనుకుంటడు? ఇంకో సంగతి కూడ ఉంది. ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊకోదు. సూపర్‌వైజరమ్మ వచ్చే ముందు రిజిస్టర్ల ఎట్లుండాల్నో అట్ల నింపుడు నాకు అలవాటైపోయింది, అబద్ధమనే సోయి కూడ పోయింది. ఆ కాగితం చింపి పొయ్యిల పెట్టిన. కొత్త కాగితం మీద రాసిన: పొద్దున రాగిజావ, పాలు. పగలు జొన్నరొట్టె, మునగాకు పప్పు, ఉడికిన గుడ్డు. మాపటికి అన్నం, తోటకూర, పెరుగు. చార్టుల బొమ్మలన్ని దిగినయి.

చెల్లె గోడకు ఒరిగి చూస్తనే ఉంది. దానికి కోపం రాదు, పుట్టుకతోనే గట్ల. కంచంల అన్నం కలుపుకుంట, "అక్కా, ఇయ్యాల నేనేం తిన్ననే?" అన్నది.

"ఊకో."

"చెప్పరాదే. నేను తిన్నది నాకు తెల్వద్దా?"

నేను చదివిన. మునగాకు పప్పు దగ్గర కండ్లు మూసుకున్నది. "ఓయమ్మ, మస్తు తిన్న. జర సోడా తెప్పియ్యి, అరుగుతలేదు" అని పకపక నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం. ఆనాటినుంచి రోజు మాకది ఆట. కంచం ముందర కూసోంగనే అడిగేది, ఇయ్యాల నేనేం తిన్ననే అక్కా అని. నేను కొత్త కొత్తవి పెట్టేదాన్ని. ఒకనాడు పాలకూర, ఒకనాడు పెసరట్టు, ఒకనాడు పల్లీల ముద్ద. పదకొండేండ్లు మాట లేని ఇంట్ల ఆ నవ్వు ఎంత మంచిగుండెనో. గా నవ్వు కోసమన్న నేను ఆ పుస్తకం ఆపలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్న.

ఒక్కసారే అది మనసుల మాట అడిగింది. "అక్కా, రాసుడైతే రాస్తున్నవ్ గద. ఒక్కనాడు పుంటికూర పప్పు వండరాదే. జరంత. నాలిక మీద పెట్టుకునేటంత."

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. భయం నాకు కోపం లెక్కనే వస్తది. "నాయిన ఎట్ల పోయిండో మర్చిపోయినవా? నువ్వు కూడ గట్లనే పో, నన్ను ఒక్కదాన్ని చేసి పో" అని లేచిన. అది ఎల్లిపాయ కారం కొంచెం ఎక్కువేసుకొని అన్నమంత తినేసింది. మళ్ల ఎన్నడు అడగలేదు.

మూడో సూదికి పోతే రక్తం సాలదని వాపసు పంపిండ్రు. పది రోజులకు పోతే మళ్ల వాపసు. చెల్లె మొగం మైనం ముద్ద లెక్క అయ్యింది. నోరంత పొక్కులు. ఏం పెట్టుకున్నా ఇనుప ముక్క చప్పరించినట్టున్నది అనేది. వేళ్ల కొసలు తిమ్మిరెక్కినయి. ఊకె కూసునుడు చేతగాక ఒకనాడు మరిది దగ్గర నూలు తెప్పించుకొని కండె చుట్టబోయింది. పోగు తెగింది. వేళ్ల నడుమ పెట్టి అతకబోతే దొరకలేదు. కండ్లతోని చూసి పట్టుకుంటే జారిపోయింది. మూడు సార్లు చూసి, కండె పక్కన పెట్టి, "పోగు ఉన్నదో లేదో నాకు తెలుస్తలేదక్కా" అన్నది. అది ఏడ్చినట్టు నేను చూసింది గదొక్కసారే. రొమ్ము పోయినప్పుడు కూడ ఏడ్వలేదు.

ఇంకో వారానికి మళ్ల కర్నూలు పోయినం. పుస్తకం అడిగిండు సారు. అంతకుముందు పైపైన చూసేటోడు, ఆనాడు ఒక్కొక్క కాగితం తిప్పిండు. తిప్పి తిప్పి, మెచ్చుకున్నడు. పక్కనున్న నర్సమ్మను పిలిచి, "చూడు, గిట్ల రాయాలె, గిట్ల పెట్టాలె" అని చూపించిండు. బల్ల మీద కూసున్న ఇంకో ఇద్దరు రోగులు, వాళ్ల వెంట వచ్చినోళ్లు అందరూ నా దిక్కు చూసిండ్రు. తర్వాత సారు మొగం మారింది. "ఇంత మంచిగ తింటున్నా రక్తం పెరుగుతలేదంటే తిండి తక్కువై కాదు. రోగం ఎముకల్లకు పోయిందేమో అని నా అనుమానం. నడుం ఎముకల సూది పెట్టి లోపలి మూలుగ తీసి చూడాలె. నొప్పి ఉంటది, తప్పది" అన్నడు.

నోరున్నదాన్ని. వాడంత భయపడే నోరు. ఆడ నాకు పెగలలేదు. అప్పుడే మెచ్చుకున్న మనిషి ముందర, అంతమంది ముందర, నా పుస్తకం అబద్ధమని ఎట్ల చెప్పాలె? చెప్తా, ఒక్క నిమిషంల చెప్తా అనుకుంటనే ఉన్న. చెల్లె ఒక్కసారి నా దిక్కు చూసింది. అడిగినట్టు కాదు, ఉత్తగనే చూసింది. నేను తల దించుకొని పుస్తకం అట్ట చూసిన. నర్సమ్మ చెల్లెను లోపలికి తీసుకపోయింది.

తలుపు బయట నిలబడ్డ. చానా సేపు సప్పుడు లేదు. ఒక్కసారి మాత్రం "అక్కా" అని అరిచింది. అందరు అమ్మా అని అరుస్తరు, అది నన్ను పిలిచింది. అప్పుడన్న తలుపు నూకి పోవాల్సింది. పోలేదు.

సాయంత్రం బస్సుల ఒకపక్కకు ఒరిగి కూసున్నది, నడుం ఆనిస్తలేదు. తుంగభద్ర దాటినం, అలంపూర్ చౌరస్తా దాటినం. అది నా చెయ్యి మీద చెయ్యేసి, "ఇయ్యాల నేనేం తిన్ననే అక్కా?" అన్నది. నేను ఒళ్లె ఉన్న పుస్తకాన్ని సంచిల కుక్కిన. జవాబు కూడ అదే చెప్పుకున్నది: "సూది తిన్న."

నేను నవ్వుతనేమో అని నా మొగం చూసింది. నేను కిటికీ దిక్కు తిరిగిన.

పొద్దుగాల మరిదిని ఇంట్ల కూసోబెట్టి మొదటి బస్సుకు నేనొక్కదాన్నే కర్నూలు పోయిన. సారు గదికి ఎవలు రాకముందే పోయి బల్ల మీద పుస్తకం పెట్టిన. "ఇది కాకి లెక్క సార్. ఇందుల ఉన్నది ఒక్కటి కూడ నా చెల్లె నోట్లెకు పోలేదు. పథ్యం పెట్టిన. ఎల్లిపాయ కారం, అన్నం. సిగ్గైతదని గిట్ల రాసిన" అన్న. కొట్టినా పడదామని పోయిన, తిట్టినా పడదామని పోయిన.

సారు తిట్టలేదు. పుస్తకం తెరిచి మూసిండు. "నిన్న సూది పెట్టే ముందు మీ చెల్లెను ఒక్కదాన్నే అడిగినమ్మా. ఇదంత నిజంగనే తింటున్నవా, తినకపోతే చెప్పు, ముందు తిండి చూసుకుందాం, సూది సంగతి తర్వాత అని అడిగిన" అన్నడు.

"ఏమన్నది సార్?"

"మా అక్క టీచర్ సార్, అబద్ధం రాయదు అన్నది."

ఆ గదిల కుర్చీ ఉంది గని నేను కింద కూసున్న. దేని కోసం నేను నోరు మూసుకున్ననో, ఆ పరువును నా చెల్లె నడుంల సూది పొడిపించుకొని కాపాడింది.

ఎముకల ఏం లేదని తేలింది. బి పన్నెండు లేదు, ఫోలిక్ యాసిడ్ అడుగంటింది, ఇనుము తక్కువ. వేళ్ల తిమ్మిరిల మందుది కొంత, ఈ తక్కువది కొంత, ఎవరి పాలు ఎంతో తెల్వదన్నడు సారు. ఇంటికొచ్చిననాడే పుంటికూర పప్పు వండిన. వేడివేడిగ కలిపి ముద్ద నోట్లె పెట్టిన. పొక్కుల మీద పులుపు మండింది గావచ్చు, కండ్లు గట్టిగ మూసింది. "ఎట్లుందే?" అన్న. "మస్తుంది. గీ రుచికే సచ్చిపోతుంటినక్కా" అని కంచమంత తిన్నది. అది పండుకున్నంక నేను తినబోయి ముద్ద నోట్లె పెట్టుకుంటే, పప్పుల ఉప్పే లేదు. హడావిడిల వెయ్యలేదు. దానికి ఉప్పు తెల్వలేదు, పప్పు తెల్వలేదు. అడిగినప్పుడు నాలికుండె, పెట్టినప్పుడు నాలిక లేదు.

ఆనాటినుంచి పుస్తకంల నిజమే రాసిన. రెండు ముద్దలు తింటే రెండు ముద్దలని, కక్కితే కక్కిందని. ఏం తినని పూట గడి ఖాళీగనే ఉంచిన. నా రాతల మొట్టమొదటి ఖాళీ గడులవి. నెలన్నరకు రక్తం పెరిగింది. మిగిలిన సూదులు వరుసగ పడ్డయి, ఆరు పూర్తయినయి. వెంట్రుకలు మొలిచినంక చెల్లె తన ఇంటికి, తన మగ్గం కాడికి పోయింది. నేను మళ్ల ఒక్క కంచం కడుక్కున్న. వేళ్లు సగమే మర్లినయి. పోగు అతికితే ఆ అతుకు ఇప్పుడు నాకు కూడ కనపడేది.

అలంపూర్ దిక్కు వరదలొచ్చిన ఏడాది రోగం మళ్ల లేచింది, ఈసారి కాలేయంల. ఆ చలికాలం దాటలేదు. పోయినంక నేను కర్నూలు పోయి సారును అడిగిన: అప్పుడు సూదులు ఆలస్యమైనందుకేనా అని. "ఎవలూ చెప్పలేరమ్మా" అన్నడు. అవునన్నా మంచిగుండు, కాదన్నా మంచిగుండు. చెప్పలేరనేదానితోనే నేను బతుకుతున్న.

ఇప్పుడు నాకు షుగరు. మా దవాఖానల కొత్తగొచ్చిన చిన్న డాక్టరమ్మ, ఏం తింటున్నవో రోజు రాసుకరమ్మన్నది. గీతలు కొట్టిన పుస్తకం పట్టుకపోతే చదివి నెత్తి కొట్టుకున్నది. "ఏందమ్మా ఇది, పొద్దున చద్దన్నం, పగలు చద్దన్నం, ఎల్లిపాయ కారం! అంగన్‌వాడీల చేసినదానివి, నీకు తెల్వదా?" అన్నది. "తెలుసు బిడ్డా, తిట్టు" అన్న.

ఇంటికొచ్చి కంచం ముందర కూసుంట. పుస్తకం పక్కన పెట్టుకుంట. తినే ముందు ఇయ్యాలటి గడి పైకి చదువుత, చద్దన్నం, ఎల్లిపాయ కారం అని. అడిగేటోళ్లు లేరు గని, చదవకపోతే ముద్ద దిగదు.